పెంతెకొస్తు అసలు కోత పండుగే: యూదుల వారముల పండుగలో విశ్వాసులకి ఏముంది

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఈమధ్య మీ సంఘానికి ఒకాయన వచ్చి పెంతెకొస్తు అంటే యూదుల షావూత్ పండుగే, విశ్వాసులందరూ దాన్ని యూదుల్లాగే ఆచరించాలి అన్నారు, సంఘ పెద్ద ఒకాయన లేచి అదంతా కొట్టివేయబడిన ధర్మశాస్త్రం, మనకి సంబంధం లేదన్నారు, మధ్యలో మీ యూత్ వాళ్ళు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు, అసలు ఒక పంట పండుగకీ మన విశ్వాసానికీ లింకేంటి అని అడిగారు. నేను పాతికేళ్ళకి పైగా పాత నిబంధన పాఠాలు చెప్తున్నాను, దానికంటే ముందు కృష్ణా డెల్టాలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి పెరిగాను, నిజం చెప్పాలంటే ఈ ప్రశ్నకి నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ రెండోదే. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. మన ఊళ్ళలో పెంతెకొస్తు అనగానే ఒక రకం సంఘం గుర్తొస్తుంది, వాళ్ళు పెంతెకొస్తు వాళ్ళండి, మేము లూథరన్, వాళ్ళు బాప్టిస్టు అని చెప్పుకుంటాం కదా, అందుకే అది ఒక పండుగ పేరని తర్వాతెప్పుడో తెలుస్తుంది, పంట పండుగ అని మాత్రం చాలామందికి అసలు తట్టదు. గ్రీకులో ఆ మాటకి యాభయ్యవది అని అర్థం, అంతే. దేన్నించి యాభై అంటే యవల కోత మొదలైన దగ్గర్నించి. మోషే రాసిన పుస్తకాల్లో దీనికి మూడు పేర్లున్నాయి, నిర్గమకాండం 23లో కోత పండుగ, 34లో వారముల పండుగ, సంఖ్యాకాండం 28లో ప్రథమఫలముల దినం. షావూత్ అంటే హీబ్రూలో వారాలు అని అర్థం. చూడండి, ఈ మూడు పేర్లలో ఏదీ గుడిలోంచి రాలేదు, అన్నీ పొలంలోంచీ, వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకునే రైతు ఇంట్లోంచీ వచ్చినవే.

మనకి ఇది పట్టకపోవడానికి ఒక కారణం వాతావరణం అని నాకనిపిస్తుంది. ఇశ్రాయేలు దేశంలో వానలు పడేది చలికాలంలో, దాదాపు అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపు, ఎండాకాలంలో చుక్క పడదు. ఆ వానలకి పెరిగిన యవలు, అంటే బార్లీ, పస్కా రోజులకి కోతకొస్తాయి, గోధుమ ఇంకా వెనక, మే, జూన్ నెలల్లో వస్తుంది. ఈ రెండు కోతల మధ్య ఉన్న ఏడు వారాలే ఈ పండుగ లెక్క. యవలు పేదవాళ్ళ రొట్టె, ఇంటిని ఏడాది పొడుగునా నిలబెట్టేది గోధుమ, అది ఇంకా చేలోనే ఉంది, ఎడారి వైపు నుంచి వడగాలి కొట్టినా, కాలం కాని కాలంలో వాన పడినా పోయినట్టే. మన డెల్టాలో సార్వా వరి కోతకొచ్చాక నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో చెప్తే రైతు ఎలా నిద్రపోడో, ఆ ఏడు వారాలు వాళ్ళకి అలాంటివి. అది దాటి గోధుమ ఇంటికొచ్చిన రోజు చేసుకునేది ఈ పండుగ. మనకేమో పెంతెకొస్తు ఆదివారం మే నెలలోనో జూన్ మొదట్లోనో వస్తుంది, రోహిణి కార్తె ఎండలు, పొలాలు నెర్రెలిచ్చి ఉంటాయి, ఏరువాక ఇంకా సాగలేదు, అలాంటప్పుడు చర్చిలో కూర్చుని ఇది కోత పండుగ అంటే ఎవరికి తడుతుంది చెప్పండి.

లేవీయకాండం 23 తెరవండి. పస్కా అయ్యాక మొదటి కోతలోంచి ఒక పన, అంటే కోసిన కంకుల కట్ట, తెచ్చి యాజకుడికివ్వాలి, అతను దాన్ని దేవుని ఎదుట అల్లాడిస్తాడు. పన అన్న మాట తెలుగు బైబిల్లో పెట్టినవాళ్ళకి నేను ఎప్పుడూ కృతజ్ఞతగా ఉంటాను, ఎందుకంటే అది మా ఇంట్లో రోజూ విన్న మాట, మా నాన్న కోతల్లో పనలు వేసేవాడు, మా అమ్మ ఆ పనలు మోసేది. ఆ ఒక్క పన అల్లాడించేదాకా కొత్త పంటలోంచి రొట్టె గానీ వేయించిన గింజలు గానీ పచ్చి కంకి గానీ ఎవరూ నోట్లో వేసుకోకూడదు. ఆ రోజు నుంచి ఏడు వారాలు లెక్కపెట్టి యాభయ్యో రోజున కొత్త గోధుమ పిండితో రెండు రొట్టెలు తేవాలి. యూదులు ఇప్పటికీ ఆ నలభై తొమ్మిది రాత్రులూ ఒక్కొక్కటీ నోటితో లెక్కపెడతారు, ఆశీర్వచనం చెప్పి ఇవాళ ఇన్నో రోజు అంటారు.

లెక్క ఎక్కణ్ణుంచి మొదలెట్టాలన్న దాని మీద యూదుల్లోనే పెద్ద వాదన నడిచింది. విశ్రాంతిదినానికి మర్నాడు అని ఉంది కదా, ఆ విశ్రాంతిదినం ఏది. పరిసయ్యులు పస్కా పండుగ మొదటి రోజే అన్నారు, సద్దూకయ్యుల పక్షం వాళ్ళు కాదు, మామూలు శనివారం అన్నారు. రెండో లెక్క ప్రకారం పన అల్లాడించేది ఎప్పుడూ ఆదివారమే, యాభయ్యో రోజూ ఆదివారమే. మొదటి లెక్కే నిలబడింది కాబట్టి ఇవాళ యూదులకి షావూత్ సీవాను నెల 6న వస్తుంది, మనకేమో ఈస్టర్ నుంచి లెక్కేసుకుంటాం కాబట్టి ఆదివారమే వస్తుంది. 2026లో వాళ్ళది మే 21 సాయంత్రం మొదలు, మనది మే 24. మీ దగ్గరికి వచ్చినాయన మన తేదీ తప్పు అని కూడా అన్నాడని రాశారు, తప్పేం కాదు, రెండువేల ఏళ్ళ నాడే ఉన్న రెండు లెక్కలు అవి, దాని మీద సంఘం చీల్చుకోవద్దు.

ఆ రెండు రొట్టెల దగ్గర కాస్త ఆగాలి. అవి పులిసిన పిండితో కాల్చాలని స్పష్టంగా ఉంది. పస్కాకి పులిసింది ఇంట్లో కనపడకూడదు, బలిపీఠం మీద పులిసింది కాల్చకూడదని లేవీయకాండం 2 చెప్తుంది, ఇక్కడ మాత్రం పులిసిందే తెమ్మంటున్నాడు. ఈ రెండు రొట్టెలంటే యూదులూ అన్యజనులూ అని చాలామంది ప్రసంగాల్లో చెప్తారు, నేను కూడా మొదట్లో చాలా ఏళ్ళు అలాగే చెప్పాను, వినడానికి బాగుంటుంది గానీ వాక్యంలో అలా లేదు. వాక్యంలో ఉన్నది మీ నివాసాల్లోంచి తెండి అని. అంటే మీ ఇంట్లో, మీ పొయ్యి మీద, మీరు రోజూ తినే రొట్టె. పస్కా రొట్టె ఐగుప్తు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చినప్పటి రొట్టె, పులియడానికి టైం లేదు. ఇదేమో సొంత ఇల్లు, సొంత పొలం ఉండి, రాత్రి పిండి కలిపి పొద్దున దాకా ఆగగలిగినవాళ్ళ రొట్టె. మన మాటల్లో చెప్పాలంటే ప్రత్యేకంగా చేసిన పిండివంట కాదు, మామూలు అన్నం గిన్నెలోంచి ఒక ముద్ద తీసి దేవుని ముందు పెట్టినట్టు. బానిసలుగా ఉన్నవాళ్ళు ఇంటి అన్నం తెచ్చి పెట్టగలిగారు, సంతోషమంతా అందులోనే ఉంది.

ద్వితీయోపదేశకాండం 26 కూడా దీనికి కలిపి చదవాలి. మొదటి పంట గంపలో పెట్టుకుని యాజకుడి దగ్గరికి వెళ్ళి ఒక మాట చెప్పాలి, నశించుచున్న అరామీదేశస్థుడు నా తండ్రి అని మొదలవుతుంది. చేతిలో పంట పెట్టుకుని మా తాత దిక్కులేనివాడు, మేం దాసులం, దేవుడు మా మొర విన్నాడు అని ఒప్పుకోవడం అది. ఆ తర్వాత లేవీయుడూ పరదేశీ నువ్వూ కలిసి సంతోషించండి అని ఉంది. ఈ గంపలు యెరూషలేముకి ఎలా తెచ్చేవాళ్ళో మిష్నా అనే యూదుల పాత గ్రంథం చెప్తుంది. రైతు పొలంలోకి వెళ్ళినప్పుడు మొదటగా పండిన అంజూరపు పండో ద్రాక్ష గుత్తో కనపడితే దానికి ఒక గడ్డిపోచ కట్టి ఇది ప్రథమఫలం అనేవాడట. తర్వాత ఊళ్ళవాళ్ళంతా కలిసి బయల్దేరేవాళ్ళు, ముందు ఒక ఎద్దు, దాని కొమ్ములకి బంగారు తొడుగు, తలకి ఒలీవ కొమ్మల దండ, పిల్లనగ్రోవి ఊదుకుంటూ నడిచేవాళ్ళు. ఉన్నవాళ్ళు వెండి బంగారు పూత గంపల్లో తెచ్చేవాళ్ళు, లేనివాళ్ళు చెక్కు తీసిన చెట్టు కొమ్మలతో అల్లిన బుట్టల్లో తెచ్చేవాళ్ళు.

దాంట్లోనే ఇంకో చిన్న విషయం ఉంది, అది చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. మొదట్లో అరామీదేశస్థుడు నా తండ్రి అనే ఆ మాటలు వచ్చినవాళ్ళు సొంతంగా చెప్పేవాళ్ళు, రానివాళ్ళకి ఎవరో ఒకరు ముందు పలికి చెప్పించేవాళ్ళు. అలా చెప్పించుకోవడం నామోషీ అనిపించి చదువు రానివాళ్ళు పంట తేవడమే మానేశారు. అప్పుడు పెద్దలు ఏం చేశారంటే, వచ్చినా రాకపోయినా అందరికీ చెప్పించాల్సిందే అని రూల్ పెట్టేశారు. ఎవరు చదువుకున్నవాడో ఎవరు కాదో తెలియకుండా చేశారన్నమాట. మా చిన్నప్పుడు మా ఊరి చర్చిలో కోత పండుగ అంటే వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోడిపుంజులు, అన్నీ ముందు పెట్టి ఆరాధన అయ్యాక వేలం పాట పాడేవాళ్ళు, ఎవరు ఎన్ని బస్తాలిచ్చారో మైకులో పేర్లు చదివేవాళ్ళు. మా అమ్మ రోజూ వంటకి ముందు ఒక గుప్పెడు బియ్యం తీసి కుండలో వేసేది, ఆ బియ్యం పాత గుడ్డలో మూటకట్టి తెచ్చి, పేర్లు చదవడం మొదలయ్యేసరికి కొంగు కింద పెట్టుకుని ఆఖరి చాప మీద కూర్చునేది. అందరూ వెళ్ళాక ఆ మూట బల్ల కింద పెట్టి వచ్చేది. ఆ మిష్నా పెద్దలు మా ఊళ్ళో ఉండి ఉంటే ఆ మైకు ఆపేసి ఉండేవాళ్ళని నాకు గట్టి నమ్మకం.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. లేవీయకాండం 23 మొత్తం పండుగల పట్టిక, ఏ రోజు ఏ అర్పణ, ఎన్ని గొర్రెపిల్లలు, ఎంత పిండి అని వరసగా చెప్పుకుంటూ పోతుంది. వారముల పండుగ వివరం అయిపోగానే, బూరల పండుగ మొదలవ్వక ముందు, 22వ వచనం. మీ పొలం కోసేటప్పుడు ఓరలు పూర్తిగా కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, అది బీదవాళ్ళకీ పరదేశులకీ విడిచిపెట్టాలి. ఇదే ఆజ్ఞ 19వ అధ్యాయంలో ముందే వచ్చేసింది, మళ్ళీ ఇక్కడ చెప్పాల్సిన పనేంటి. నేను చెప్పేది ఏంటంటే, ఈ వచనం పండుగలో భాగం. గుడికి రెండు రొట్టెలు తెచ్చి చేను గీరి ఊడ్చుకుపోతే పండుగ చేసినట్టు కాదు. మీరు మీ పెద్దాయనకీ ఆ వచ్చినాయనకీ ఇద్దరికీ చూపించాల్సిన వచనం ఇదే, ఎందుకంటే యూదుల్లాగే చేద్దాం అనేవాళ్ళు అలంకారాలూ బూరలూ పట్టుకుంటారు, కొట్టివేయబడింది అనేవాళ్ళు పేజీ తిప్పేస్తారు, ఇద్దరూ 22 దగ్గర ఆగరు.

పరిగె అంటే ఏంటో ఈ కాలం పిల్లలకి చెప్పాల్సి వస్తోంది. కోసి పనలు కుప్పకి మోసేశాక మళ్ళలో రాలిపోయిన కంకులు ఉంటాయి, వాటిని వంగి ఒక్కొక్కటీ ఏరుకోవడమే పరిగె. మోళ్ళు అరికాళ్ళకి గుచ్చుకుంటాయి, పొద్దున మంచుకి కంకి మెత్తగా ఉంటుంది కాబట్టి గింజ రాలదు, అందుకే మా అమ్మ చీకటితోనే వెళ్ళేది, వెనకాల నేను చిన్న గంపతో. ఏరినవి ఎండబెట్టి కర్రతో కొట్టి చేటలో చెరిగితే రోజుకి రెండు మూడు శేర్ల గింజలు వచ్చేవి, ఆ వడ్లతో సంక్రాంతి దాటేది మాకు. ఒక ఏడాది ఒక ఆసామి మా అమ్మని చేలోంచి వెళ్ళగొట్టాడు, కలుపుకి తను చెప్పిన కూలికి రాలేదని కోపం, తన పాలేళ్ళ ఆడవాళ్ళని మాత్రం ఏరుకోనిచ్చాడు. అది అతని పొలం, అతనిష్టం అనుకున్నాం అప్పుడు. చాలా ఏళ్ళ తర్వాత మిష్నాలో చదివాను, ఒకరిని ఏరుకోనిచ్చి ఇంకొకరిని ఏరుకోనివ్వనివాడు పేదవాళ్ళని దోచుకున్నట్టే అని. దోచుకోవడం అన్న మాట వాడారు, దయ లేదు అనలేదు. అంటే పరిగె ఆసామి ధర్మం చేసేది కాదు, దేవుడు పేదవాడి పేరున రాసిన భాగం. ఓరలకి ఇంత అని ధర్మశాస్త్రంలో కొలత లేదు, కనీసం అరవయ్యో వంతు కంటే తగ్గొద్దు అని తర్వాత పెద్దలు చెప్పారు.

యూదులు ఈ పండుగకి రూతు పుస్తకం చదువుతారు, ఎందుకో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. నయోమి, రూతు బేత్లెహేముకి వచ్చింది యవల కోత మొదట్లో, రూతు బోయజు పొలంలో ఏరుకుంది యవల కోత, గోధుమ కోత అయ్యేదాకా, అంటే ఈ ఏడు వారాలూ. పరదేశి, విధవరాలు, అదీ మోయాబు స్త్రీ. ఆ పరిగె చట్టం లేకపోతే ఆ అత్తాకోడళ్ళు ఆకలితో పోయేవాళ్ళు. బోయజు చట్టం దగ్గర ఆగలేదు, ఆమెని ముట్టుకోవద్దని పనివాళ్ళకి ముందే చెప్పాడు (ఒంటరి ఆడమనిషికి పొలంలో ఏం ప్రమాదమో తెలిసిన మనిషి), పనల్లోంచి కావాలని కొన్ని కంకులు లాగి పడేయండి, ఏమీ అనొద్దు అన్నాడు. తీసుకునేదానికి సిగ్గు లేకుండా ఇవ్వడం అది. ఆ రూతు మునిమనవడు దావీదు, మత్తయి మొదటి అధ్యాయంలో యేసు వంశావళిలో ఆమె పేరు రాసి ఉంది. నేను క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా ఒక మాట అంటాను, మన రక్షకుడి వంశం ఒక పొలం ఓరన ఏరుకున్న గింజల మీద బతికింది.

అపొస్తలుల కార్యములు 2 ఇప్పుడు మళ్ళీ చదవండి. పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు, ఐగుప్తువాళ్ళు, రోమా నుంచి వచ్చినవాళ్ళు, ఇంతమంది యెరూషలేములో ఎందుకున్నారు అంటే పండుగకి వచ్చారు, మగవాళ్ళంతా ఏడాదికి మూడుసార్లు దేవుని ముందు కనపడాల్సిన పండుగల్లో ఇదొకటి. గోధుమ కోత అయిన రోజున, నలుదిక్కుల నుంచీ మనుషులు వచ్చిన రోజున ఆత్మ దిగింది, ఆ రోజు మూడువేల మంది చేరారు. కోత రోజున కోత. ఇక్కడ ఒక చిన్న సవరణ చెప్పాలి, ధర్మశాస్త్రం ఇచ్చిన రోజున మూడువేలమంది చచ్చారు, ఆత్మ వచ్చిన రోజున మూడువేలమంది బతికారు అని ప్రసంగాల్లో చెప్తుంటారు. నిర్గమ 32లో దాదాపు మూడువేలమంది కూలారన్నది నిజమే గానీ అది ధర్మశాస్త్రం వినిపించిన రోజు కాదు, మోషే నలభై రోజులు కొండమీద ఉండి దిగాక, బంగారు దూడని పూజించినప్పటి సంగతి. పోల్చుకోండి, తప్పులేదు, అదే రోజు అని మాత్రం చెప్పొద్దు. షావూత్ నాడే ధర్మశాస్త్రం ఇచ్చాడు అని యూదులు పండుగ చేసుకుంటారు, మూడో నెలలో సీనాయి చేరారని నిర్గమ 19లో ఉంది కాబట్టి రోజులు దగ్గరగానే ఉన్నాయి, కానీ తేదీ మోషే ఎక్కడా రాయలేదు. క్రీస్తుశకం 70లో దేవాలయం కూలిపోయాక గంపలు తేవడానికి చోటు లేదు, అప్పటి నుంచి ఆ అర్థమే ముందుకొచ్చింది, రాత్రంతా మేలుకుని ధర్మశాస్త్రం చదువుతారు, సమాజమందిరం పచ్చని కొమ్మలతో అలంకరిస్తారు.

మనవాళ్ళు కార్యములు 2లో భాషల దగ్గర ఆగిపోతారు. అధ్యాయం చివరికి రండి. ఆస్తులు అమ్మి ఎవరికి ఎంత అవసరమో అంత పంచుకున్నారు. నాలుగో అధ్యాయంలో వాళ్ళలో కొదువగలవాడు ఒక్కడూ లేడు. ఆరో అధ్యాయంలో మొదటి గొడవ దేని గురించి, గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి రోజువారీ భోజనం సరిగ్గా అందట్లేదని. విధవరాలు, వేరే భాష మాట్లాడేది, తిండి. లేవీయకాండం 23:22 అక్కడ మళ్ళీ లేచి నిలబడింది, ఈసారి పొలం లేదు, బల్ల ఉంది. ఆత్మ వచ్చిందనడానికి భాషలు ఒక గుర్తు, ఏ విధవరాలూ మిగిలిపోకుండా చూసుకోవడం ఇంకో గుర్తు, మొదటి గుర్తు మీద మనం ఎన్ని సభలు పెట్టామో, రెండోదాని మీద ఒక్కటి పెట్టామా?

ఇక పౌలు. ఆయన పుట్టుకతో యూదుడు, ఈ పండుగ లోపలినుంచి తెలిసినవాడు, పెంతెకొస్తుకి యెరూషలేములో ఉండాలని త్వరపడ్డాడని కార్యములు 20లో ఉంది. 1 కొరింథీ 15లో క్రీస్తు నిద్రించినవారిలో ప్రథమఫలం అంటాడు. మనం ప్రథమఫలం అంటే శ్రేష్ఠమైనది అనుకుంటాం, ఆయన మనసులో ఉన్నది ఆ మొదటి పన. ఒక పన కోతకొచ్చిందంటే చేను మొత్తం పండినట్టే, మిగతాది వెనకాలే వస్తుంది. యేసు ఒక్కడు లేచాడు, ఆయన చేలో ఉన్నవాళ్ళంతా లేస్తారు. మా అమ్మని పాతిపెట్టిన రోజు పాస్టరుగారు ఆ అధ్యాయమే చదివారు, నాకు ఆవిడ నెత్తిమీద పన మోసుకుంటూ గట్టు మీద నడవడం కనపడింది, ఇప్పటికీ ఈస్టర్ అంటే నాకు అదే. రోమా 8లో ఇంకో అడుగు వేశాడు, మనకి ఆత్మ ప్రథమఫలాలు వచ్చాయి, అయినా మూలుగుతున్నాం అన్నాడు. అంటే ఆత్మ వచ్చింది గానీ పంట మొత్తం ఇంకా ఇంటికి రాలేదు. ఆత్మ పొందినవాడికి రోగం ఉండదు, అప్పు ఉండదు అని చెప్పేవాళ్ళు ఈ పండుగ లెక్క తెలియక చెప్తున్నారు. మనం ఉన్నది యవలకీ గోధుమకీ మధ్య వారాల్లో, గుండె గుప్పిట్లో పెట్టుకుని, కానీ మొదటి పన చేతిలో ఉందని తెలిసి.

మరి ఆచరించాలా అంటారు. కొలొస్సయి 2లో పండుగ విషయంలోనూ విశ్రాంతిదినం విషయంలోనూ ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదు అని ఉంది, రోమా 14లో దినాన్ని లక్ష్యపెట్టేవాడు ప్రభువు కోసమే లక్ష్యపెడతాడు అని ఉంది. ఆచరించకపోతే రక్షణ లేదనేవాడు తప్పు, చదువుకుని ధ్యానించేవాణ్ణి ధర్మశాస్త్రంలోకి పోయావని తిట్టేవాడూ తప్పే. కానీ యూదుల టోపీలూ శాలువాలూ వేసుకుని స్టేజీ మీద షోఫార్, అంటే పొట్టేలు కొమ్ము బూర, ఊదడం నాకు బాధనిపిస్తుంది. అది బతికున్న మనుషుల పండుగ. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిము అని తెలుగు మాట్లాడే చిన్న యూదు సమాజం ఉంది, వాళ్ళకంటూ సమాజమందిరం ఉంది, వాళ్ళు ఈ పండుగలు తమ విశ్వాసంగా చేసుకుంటారు. అది వాళ్ళది, గౌరవంగా నేర్చుకుందాం, తొడుక్కోవద్దు. వాళ్ళ పండుగ పనికిరానిదైపోయిందని కూడా నోరు జారొద్దు.

ప్రథమఫలాల కానుక గురించి కూడా అడిగారు, జనవరి జీతం మొత్తం తెచ్చివ్వాలి, అది విత్తనం, వందరెట్లు వస్తుంది అన్నారని. ఇది ఘాటుగానే చెప్తాను. ఓరలకీ ప్రథమఫలాలకీ కొలత లేదని మిష్నా ఒకే వాక్యంలో చెప్తుంది. ఇచ్చేవాళ్ళు పొలం ఉన్నవాళ్ళు, ఇచ్చేది ఆ నేల పంట, గోధుమ, యవలు, ద్రాక్ష, అంజూరం, దానిమ్మ, ఒలీవ, ఖర్జూరం, అంతే. కోసాక తెచ్చేదాన్ని విత్తనం అని ఏ రైతూ అనడు, అది కృతజ్ఞత, పెట్టుబడి కాదు. ఆటో తోలుకునేవాడి నెల కిరాయి లాక్కుని దానికి మోషే పేరు చెప్తే, మోషే ఈ పండుగ సంతోషంలో విధవరాలినీ తండ్రిలేనివాణ్ణీ కూర్చోబెట్టాడని గుర్తుచేయండి. ఆ ఆటో అతను చాలా సంఘాల్లో ఇచ్చేవాడు కాదు, పరిగె అందాల్సినవాడు.

మన కోత పండుగ కూడా నేరుగా మోషే నుంచి రాలేదు. ఇప్పుడు చర్చిల్లో చేసే ఈ పద్ధతి 1843లో ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతంలో మోర్వెన్‌స్టో ఊరి పాస్టరు హాకర్ తన చర్చిలో మొదలుపెట్టినదాంతో వాడుకలోకొచ్చింది. మంచి పండుగే, తీసేయమని నేను అనను. మైకులో పేర్లు చదవడం ఆపితే చాలు. పెంతెకొస్తుకి మీ యూత్ ఏం చేయొచ్చు అంటే, ఈస్టర్ నుంచి ఏడు వారాలు వారానికో మీటింగ్ పెట్టుకుని లేవీ 23, ద్వితీయ 26, రూతు నాలుగు అధ్యాయాలు, ఆఖరి వారం కార్యములు 2 నుంచి 6 దాకా చదవండి, పొలం పని తెలిసిన పెద్దవాళ్ళని పిలిచి వాళ్ళ చేత చెప్పించండి, మీ ఊళ్ళో పరిగె ఏరిన ఆడవాళ్ళు ఇంకా ఉంటారు, వాళ్ళకంటే బాగా రూతు పుస్తకం ఎవరూ చెప్పలేరు.

ఓరలు ఎలా విడిచిపెట్టాలి, ఇప్పుడు అన్నీ మిషన్లే కదా అంటారేమో. నిజమే, వరికోత మిషన్ వచ్చాక పరిగె దాదాపు పోయింది, కూలీ కూడా పోయింది. కానీ మిషన్ మడి మూలల్లో తిరగలేదు, నాలుగు మూలలా కొంచెం కొంచెం నిలబడిపోతుంది, దాన్ని మనుషుల చేత కోయించి మిషన్లో వేస్తారు. మా ఊళ్ళో ఒక విశ్వాసి ఉన్నాడు, రెండెకరాల రైతు, అతను ఆ మూలలు కోయించడు. మిషన్ వెళ్ళిపోయాక గట్టు మీద సైకిల్ ఆపి, ఎస్సీ కాలనీలో ఇద్దరు ముగ్గురు ముసలమ్మలకి చెప్పి వస్తాడు, వాళ్ళు కొడవళ్ళతో వెళ్ళి కోసుకుంటారు, అతను అటు వైపు తిరిగి చూడడు, చర్చిలో ఎవరికీ చెప్పడు, నాకు కూడా ఆ ముసలమ్మల్లో ఒకావిడ చెప్తేనే తెలిసింది.